ఊహూఁ పాప మెచ్చిన సూపు

మేనకోడలు ఒక గిన్నెడు సూపు తాగిందని కోపం తెచ్చుకుని బడి మీదికి దండెత్తిన మేనమామను మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. అయితే ఇప్పుడు చూడండి. మన కథానాయకుడు అతనే.

పెద్ద హోటల్లో పెద్ద వంటవాడతను. చెఫ్ అని పిలిస్తేనే పలుకుతాడు. అతను వంటగదిలో ఉన్నంతసేపూ అసిస్టెంట్లు గరిటె చప్పుడు కూడా కానివ్వరు. అతని చేతి వంట తినడానికి ఎంతెంత వాళ్ళో ముందుగా ఫోన్ చేసి టేబుల్ కోసం బతిమాలుకుంటారు. అంతటివాడి వంటను సొంత ఇంట్లో ఒక్కరు మాత్రం నోట్లో పెట్టరు. అతని అక్క కూతురు. ఐదేళ్ళ పిల్ల. ఏం పెట్టినా పళ్ళెం పక్కకు తోసి "ఊహూఁ" అంటుంది. ఇంట్లోనూ బడిలోనూ అందరూ దాన్ని ఊహూఁ పాప అనే పిలుస్తారు. పాలు, బిస్కెట్లు, మరీ బతిమాలితే సగం అరటిపండు. దాని తిండి అంతే.

అలాంటి పిల్ల ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా, "అమ్మా, ఇవాళ మేం సూపు చేశాం. నేను గిన్నె ఖాళీ చేశాను" అని ప్రకటించింది.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మమ్మ పిల్లను ఎత్తుకుని ముద్దులాడింది. మన చెఫ్‌కు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"ఎవరు చేశారే ఆ సూపు?"

"మేమే."

"మీరంటే?"

"మేమూ, మా టీచరూ."

"అందులో ఏం వేశారు?"

"క్యారెట్టు."

"నేను క్యారెట్టు వేస్తే తినవు కదే?"

"నీది ఊహూఁ," అని పాప లోపలికి వెళ్ళిపోయింది.

చెఫ్‌కు ఆ పూట అన్నం సహించలేదు. అంత మంది మెచ్చిన చేయి అతనిది. ఎవరో బడిపంతులమ్మ ఉడకబెట్టిన క్యారెట్టు ముందు ఓడిపోవడమంటే తల కొట్టేసినట్టే ఉంది.

మర్నాడు హోటల్లో మధ్యాహ్నం రద్దీ తగ్గీ తగ్గగానే, ఏప్రన్‌తోనే బడికి బయల్దేరాడు. వరండా చివర, ఒకప్పుడు విరిగిన బెంచీలు పడేసే గది తలుపు మీద ఇప్పుడు చిన్నచిన్న చేతుల రంగు అచ్చులున్నాయి. తలుపు తోశాడు. లోపల మోకాలెత్తు బల్లలు. వాటి చుట్టూ పిల్లలు బఠానీలు ఒలుస్తున్నారు. మధ్యలో చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచిన ఒకమ్మాయి పిండి కలుపుతోంది.

"టీచర్ ఎవరండీ ఇక్కడ?"

"చేతులు కడుక్కున్నారా?" అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే.

"నేను అడిగింది వేరే."

"ఈ గదిలోకి ఎవరొచ్చినా ముందు చేతులు కడుక్కోవాలి. అదిగో పంపు."

ఆ పంపు కూడా మోకాలెత్తులోనే ఉంది. అంత మనిషీ రెండుగా మడతపడి చేతులు కడుక్కోవాల్సి వచ్చింది. బొద్దుగా, గుండ్రంగా ఉన్నందుకు బుడంకాయ అని అందరూ పిలిచే పిల్లవాడొకడు పక్కన నిలబడి, "వేళ్ళ మధ్యలో కూడా రుద్దాలి అంకుల్" అని అజమాయిషీ చేశాడు. అప్పటికి సగం కోపం నీళ్ళలో పోయింది. మిగతా సగాన్ని గట్టిగా పట్టుకుని అతను వెనక్కి తిరిగాడు.

"నేను ఊహూఁ పాప మామయ్యని."

"ఓహో, ఆ అరిచే మామయ్య మీరేనా?" అంది టీచర్. పిల్లలు పకపకా నవ్వారు. ఊహూఁ పాప మాత్రం బఠానీల గిన్నెలోకి తల దూర్చేసింది.

ఇప్పుడతను ఆమె ముఖం చూశాడు. ముక్కు కొస మీద పిండి అంటుకుని ఉంది. ఆ సంగతి చెబుదామనుకున్నాడు. చెబితే తుడిచేసుకుంటుంది. ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. చెప్పకపోతే ఇంకేదో ఒకటి అనాలి కదా, అందుకని బల్ల మీది ముక్కల మీద పడ్డాడు.

"ఇవి క్యారెట్ ముక్కలా? ఒకటి బొటనవేలంత ఉంది, ఒకటి గోరంత ఉంది. ఇవన్నీ ఒకేసారి ఎలా ఉడుకుతాయి?"

అతని హోటల్లో ఈ మాటకు అసిస్టెంట్లు వణికిపోతారు. టీచర్ ముఖం వెలిగిపోయింది.

"పిల్లలూ, చెఫ్ గారు భలే ప్రశ్న వేశారు. పెద్ద ముక్క ముందు ఉడుకుతుందా, చిన్న ముక్కా?"

"పెద్దదే. దానికి బలం ఎక్కువ," అన్నాడు బుడంకాయ.

"చిన్నది," అంది ఇంకో పాప. "అది తొందరగా భయపడుతుంది."

"అయితే ఉడికించి చూద్దాం," అంది టీచర్.

ఉడికించారు. నొక్కి చూశారు. బుడంకాయ ఓడిపోయాడు. ఓడిపోయి కూడా గెలిచినవాడిలా గంతులేశాడు. ఇదంతా చూస్తూ మన చెఫ్ అక్కడే నిలబడిపోయాడు.

పిల్లలు గిన్నెలు సర్దుతుంటే అతను గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పండి. నా వంట ముట్టని పిల్ల ఇది ఎలా తింటోంది?"

"మీరు వంట చేస్తున్నప్పుడు పాప ఎక్కడ ఉంటుంది?"

"బయట. లోపల పొయ్యి ఉంటుంది, కత్తులుంటాయి. గడప దాటనివ్వను."

"మరి మీ క్యారెట్టు ఎవరో కొత్త మనిషిలా పళ్ళెంలోకి వచ్చి కూర్చుంటుంది. కొత్తవాళ్ళని పిల్లలు అంత త్వరగా నమ్మరండి. ఇక్కడి క్యారెట్టు అలా కాదు. అది మట్టితో ఉన్నప్పట్నుంచీ తనకి పరిచయం. కడిగింది, తొక్క తీసింది, లెక్కపెట్టింది, వాసన చూసింది."

"అంటే నా వంటకి నా మేనకోడలితో పరిచయం లేదంటారా?"

"మీ అరుపులతో బాగానే ఉంది," అంది టీచర్.

దానికి అతనేదో గట్టిగా అనబోయాడు. అంతలో పెద్ద మేడమ్ లోపలికి వచ్చారు. ఆ బడి అంతా ఆవిడ మాట మీదే నడుస్తుంది.

"చూడమ్మా, బుడంకాయ వాళ్ళ నాన్న మళ్ళీ వచ్చి వెళ్ళారు. లాయరు కదా, మనల్ని బోనులో నిలబెట్టినంత పని చేశారు. 'మా వాడిని చదువుకోవడానికి పంపామా, ఉల్లిపాయలు ఒలవడానికి పంపామా' అంటున్నారు. ఇంకొందరిదీ అదే మాట. శనివారం తల్లిదండ్రులందరినీ భోజనానికి పిలుస్తున్నాను. పిల్లలు చేసిన వంట వాళ్ళకి నచ్చితే సరే. లేదంటే సోమవారం నుంచి ఈ గదిలో కంప్యూటర్లు పెడదాం. నేను మాత్రం ఎన్నాళ్ళని నచ్చజెప్పను?"

ఆవిడ వెళ్ళిపోయారు. టీచర్ పిండి ముద్దను అవసరం లేకపోయినా మళ్ళీ మళ్ళీ పిసుకుతూ ఉండిపోయింది. చెఫ్ బల్ల కింద గిన్నెలు పేరుస్తున్న ఊహూఁ పాప వైపు చూశాడు. ఈ గది పోతే ఆ పిల్ల మళ్ళీ బిస్కెట్లకే పోతుంది. ఈ అమ్మాయి ముఖంలోని ఆ వెలుగు కూడా పోతుంది. రెండో నష్టం అతన్ని ఎక్కువ కలవరపెట్టింది. ఎందుకో అతనికే తెలియలేదు.

"శనివారం నేనొస్తాను," అన్నాడు.

"వచ్చి?"

"వంట చేస్తాను. ఆ లాయరు వేళ్ళు నాకకపోతే అడగండి."

"మీరు చేస్తే ఇక పిల్లలు నేర్చుకున్నదేంటి?" అంది. కాసేపు ఆలోచించి, "రండి. పొయ్యి మీది పెద్ద గిన్నె దించడానికి ఒక మనిషి కావాలి. అది పిల్లలు చేయకూడదు. కానీ వంటలో మాత్రం చెయ్యి పెట్టకూడదు. చేతులు జేబుల్లో ఉండాలి" అంది.

గిన్నెలు దించే పని. హోటల్లో ఎవరైనా వింటే నెల రోజులు చెప్పుకుని నవ్వుతారు. అయినా మన చెఫ్ బుద్ధిగా తలూపాడు.

ఆ వారం రోజూ మధ్యాహ్నం అతను బడికి హాజరు. చేతులు జేబుల్లో ఉన్నాయో లేదో బుడంకాయ వచ్చి తనిఖీ చేసేవాడు. ఒకరోజు టీచర్ వంట మానేసి గ్లాసుల్లోని నీళ్ళలో నీలం రంగు కలిపింది. బుడంకాయ చేతిలో రంగు సీసా వంగి ఒక గ్లాసులో నీళ్ళు సిరాలా నల్లబడిపోయాయి.

"అయ్యో, రంగెక్కువైంది. ఇప్పుడెలా?" అంది టీచర్.

ఊహూఁ పాప పెద్ద జగ్గు తెచ్చి, ఆ నల్లటి నీళ్ళు అందులో ఒంపి, మంచినీళ్ళు పోసింది. నీళ్ళు లేతగా, ఆకాశంలా అయ్యాయి.

"వంట క్లాసులో ఈ రంగునీళ్ళ గోలేంటండీ?" అన్నాడు చెఫ్.

"మీకు ప్రతిదీ ఉడికితేనే వంట," అంది టీచర్. "కొంచెం ఓపిక పట్టండి."

ఓపిక పట్టడం అతనికి కొత్త. కానీ నచ్చుతోంది. ఆమె పిల్లల మాట వినేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని వినడం నచ్చుతోంది. తప్పు చెప్పినవాడికి కూడా "అయితే చూద్దాం" అనడం నచ్చుతోంది. రోజూ ఎక్కడో ఒకచోట పిండి పూసుకోవడం మరీ నచ్చుతోంది. హోటల్లో అసిస్టెంటు గుడ్డు కింద పడేస్తే "అయితే చూద్దాం" అన్నాడు పొరపాటున. ఆ కుర్రాడు జ్వరం వచ్చిందేమోనని అతని నుదురు వైపు అనుమానంగా చూశాడు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో ధైర్యం చేసి, "రావే, ఇవాళ నాతో వంట చేద్దువుగాని" అన్నాడు మేనకోడలితో.

పాప గడప దగ్గర ఆగి పొయ్యి వైపు, అతని వైపు చూసింది. "ఊహూఁ. నువ్వు అరుస్తావు," అంది.

ఆ మాట అతనికి బాగా తగిలింది.

శనివారం వచ్చింది. గోడ వెంబడి వేసిన కుర్చీల్లో తల్లిదండ్రులు కూర్చున్నారు. అక్క కూడా వచ్చింది. ముందు వరసలో లాయరు గారు చేతులు కట్టుకుని, తీర్పు ముందే రాసుకొచ్చినవాడిలా ఉన్నారు. పిల్లలు కూరగాయలు తరిగారు, సూపులో వేయడానికి పిండి ఉండలు చేశారు, టీచర్ సాయంతో గిన్నె పొయ్యి మీద పెట్టారు. ఇక అసలు ఘట్టం. ఒక్కొక్కరూ వరసలో వచ్చి చిటికెడు ఉప్పు వేయాలి. అలా వేస్తే అది అందరి సూపు అవుతుందని టీచర్ పెట్టిన పద్ధతి.

పిల్లలు వరస కడుతున్నారు. టీచర్ ఒక తల్లితో ఏదో చెబుతూ నవ్వింది. చెఫ్ పొయ్యి పక్కన నిలబడి ఆ నవ్వునే చూస్తున్నాడు. ఎదురుగా గిన్నె తుకతుకా ఉడుకుతోంది. పక్కనే ఉప్పు డబ్బా. ఏళ్ళ తరబడి వంటగదిలో నలిగిన చెయ్యి అది. ఉడుకుతున్న గిన్నె కనిపిస్తే చాలు, యజమాని అనుమతి అడగదు. జేబులోంచి వచ్చింది, ఉప్పు తీసింది, గిన్నెలో విదిల్చింది. టీచర్ నవ్వు ఇంకా ఆగలేదు. ఇంకోసారి విదిల్చి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. మనవాడికి ఆ సంగతే తెలియదు.

ఆ తర్వాత పిల్లలంతా వచ్చి ఎవరి చిటికెడు వాళ్ళు వేశారు.

రుచి చూసే అధికారం ఊహూఁ పాపది. చెంచాడు సూపు ఊదుకుని నోట్లో పోసుకుంది. ముఖం ముడుచుకుంది.

"ఊహూఁ."

"అనుకున్నాను," అన్నారు లాయరు గారు.

చెఫ్ చెంచా అందుకుని రుచి చూశాడు. ఉప్పు కషాయం. రెండో చెయ్యి జేబులోంచి తీసి చూసుకుంటే వేళ్ళకు ఇంకా ఉప్పు రవ్వలు అంటుకుని ఉన్నాయి. టీచర్ ఆ వేళ్ళు చూసింది. ఆమె కళ్ళలో కోపం కంటే బెంగే ఎక్కువ కనిపించింది.

ఊరుకుంటే నింద పిల్లల మీదికి పోతుంది. ఊరుకోలేదు. ఊళ్ళో అందరూ పొగిడే ఆ చెఫ్ అందరి ముందుకూ వచ్చి నిలబడ్డాడు.

"పిల్లల తప్పేం లేదండీ. ఉప్పు నేనేశాను. చూసుకోకుండా, అదీ రెండుసార్లు. వాళ్ళు వేసింది సరిగ్గానే వేశారు."

కుర్చీల్లో నవ్వులు లేచాయి. లాయరు గారు మాత్రం నవ్వలేదు. "ఎవరు వేస్తేనేం, సూపయితే పోయింది కదా. ఇన్నాళ్ళూ ఈ గదిలో పిల్లలు ఏం నేర్చుకున్నట్టు?"

టీచర్ లేచి నిలబడింది. "అదే చూద్దామండి," అని పిల్లల వైపు తిరిగి మోకాళ్ళ మీద కూర్చుంది. "సూపు ఉప్పగా అయింది. ఏం చేద్దాం?"

"పారబోద్దాం," అన్నారెవరో.

"చక్కెర వేద్దాం," అన్నాడు బుడంకాయ.

"అయితే చూద్దాం. ఒక కప్పులో వేసి చూడు."

బుడంకాయ కప్పులో చక్కెర కలిపి నేరుగా తండ్రి దగ్గరికి పట్టుకెళ్ళాడు. "తాగు నాన్నా." అందరి కళ్ళూ తన మీదే ఉన్నాయి కాబట్టి లాయరు గారు తాగక తప్పలేదు. ఆయన ముఖం చూసి బుడంకాయే తీర్పు చెప్పేశాడు. "చక్కెర పనిచేయదు టీచర్."

ఈసారి గది మొత్తం ఘొల్లుమంది.

ఆ నవ్వుల మధ్య సన్నగా ఒక గొంతు వినిపించింది. "నీలం నీళ్ళు."

"గట్టిగా చెప్పమ్మా," అంది టీచర్.

ఊహూఁ పాప అందరి వైపూ బెదురుగా చూసింది. మామయ్య వైపు చూసింది. అతను రెండు చేతులూ జేబుల్లో కుక్కుకుని, నోరు బిగపట్టుకుని, రెప్ప వేయకుండా తననే చూస్తున్నాడు. అరవడం లేదు.

"నీలం ఎక్కువైనప్పుడు మంచినీళ్ళు పోశాం కదా," అంది పాప. "ఇంకో గిన్నె సూపు చేద్దాం. అందులో ఉప్పు వేయొద్దు. రెండూ కలిపేద్దాం."

చెఫ్ ఒళ్ళు పులకరించింది. తన అసిస్టెంట్లలో సగం మందికి తట్టని ఉపాయం అది.

"బాగుంది. కానీ మళ్ళీ అన్ని కూరగాయలు ఎవరు తరుగుతారు? అందరికీ ఆకలేస్తోంది," అంది టీచర్.

పాప కుర్చీల వైపు తిరిగింది. "అమ్మలూ నాన్నలూ ఖాళీగానే ఉన్నారుగా. ముందు చేతులు కడుక్కోవాలి."

అంతే. తల్లిదండ్రులంతా మోకాలెత్తు పంపు దగ్గర వరస కట్టారు. లాయరు గారు నడుం పట్టుకుని వంగారు. "వేళ్ళ మధ్యలో కూడా నాన్నా," అన్నాడు కొడుకు. తర్వాత బల్లల దగ్గర పిల్లలు గురువులు, పెద్దలు శిష్యులు. క్యారెట్లు ఒక్కొక్కటిగా అందరికీ పంచారు, ఇద్దరికి తక్కువైతే పెద్దవి సగానికి విరిచి సర్దారు.

"అంత పెద్ద ముక్క వద్దు నాన్నా, అది ఉడికేసరికి చిన్నవి పేస్టు అయిపోతాయి. వేళ్ళు లోపలికి ముడుచుకో, తెగుతాయి."

"ఇవన్నీ నీకెలా తెలుసురా?" అన్నారు లాయరు గారు, ఈసారి నిజంగానే తెలుసుకోవాలని.

"మేం ఉడికించి చూశాం," అన్నాడు బుడంకాయ గర్వంగా.

రెండో గిన్నె ఉడికింది. చెఫ్ తనకు అప్పగించిన ఒకే ఒక్క పని చేశాడు. రెండు గిన్నెలూ దించి, పెద్ద పాత్రలో కలిపాడు. ఊహూఁ పాప చెంచా అందుకుంది. తాగింది. ఆలోచించింది. ఇంకో చెంచా తాగింది.

"ఊఁ," అంది.

చప్పట్లతో గది దద్దరిల్లింది. అక్క ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. సూపు రెట్టింపు అయింది కదా, అందరికీ రెండోసారి కూడా వచ్చింది. లాయరు గారు మూడోసారి గిన్నె చాచినప్పుడు పెద్ద మేడమ్ మెల్లిగా అడిగారు. "మరి కంప్యూటర్ల సంగతి?"

"వాటికి వేరే గది చూడండి మేడమ్," అన్నారాయన నోరు తుడుచుకుంటూ. "ఈ గదిలో మా వాడు మొదటిసారి నాకు పాఠం చెప్పాడు. దీని జోలికి వస్తే కేసు వేస్తాను."

టీచర్ నవ్వడానికి ప్రయత్నించింది, కానీ కళ్ళు నిండిపోయాయి. వెంటనే గిన్నెలు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

చెఫ్ వెనకాలే పెద్ద పాత్ర మోసుకుంటూ వెళ్ళాడు. బయట వాన దంచికొడుతోంది. చూరు ధార కింద పాత్రను పెట్టి ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ధార పాత్రలో పడి డప్పు కొట్టినట్టు మోగుతోంది.

"చేతులు జేబులో పెట్టుకోమన్నానా లేదా?" అంది టీచర్.

"పెట్టుకున్నాను. మీరు నవ్వారు."

"నేను నవ్వితే ఉప్పు వేస్తారా?"

"చూశారుగా." అతను ఆమె వైపు తిరిగాడు. "మీ ముక్కు మీద పిండి ఉందండీ."

"ఇవాళ చెప్పారు, సంతోషం. మొదటి రోజు కూడా ఉంది. ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని మిమ్మల్ని తిట్టుకున్నాను. అంతసేపు మాట్లాడి ఆ ఒక్క ముక్క చెప్పలేదే ఈ మనిషి అని."

"చెప్తే తుడిచేసుకుంటారని చెప్పలేదు."

టీచర్ చెయ్యి ముక్కు దాకా వెళ్ళి ఆగిపోయింది. తుడుచుకోలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు చెఫ్. అరవడం అలవాటైన గొంతు ఇంత మెల్లిగా పలకగలదని అతనికే తెలియదు. "నా వంటగదిలోకి నేనెవర్నీ రానివ్వను. మీరు రావాలి. ఒక పూట కోసం కాదు, ఎప్పటికీ."

వాన ఇంకా పెరిగింది. టీచర్ పాత్ర నిండి పొర్లడం చూస్తూ, "రుచి చూడకుండా చెప్పే అలవాటు నాకు లేదు" అంది. "రేపు ఆదివారం. భోజనానికి వస్తాను."

సంగతి తెలిసిన ఇంట్లో మర్నాడు హడావుడి చెప్పనలవి కాదు. ఊహూఁ పాప వంటగది గడప దగ్గర నిలబడి షరతులు పెట్టింది. "స్టూలు వేస్తావా?"

"వేస్తాను."

"అరవకూడదు."

"అరవను."

"చేతులు జేబులో."

"సరేనమ్మా."

ఆ పూట పెద్ద వంటవాడు పాప. అతను గిన్నె దించే మనిషి. క్యారెట్లు వంకరటింకరగా తెగుతుంటే నాలుక కొరుక్కుని ఊరుకున్నాడు. తలుపు తట్టిన చప్పుడు వినగానే పాప పరుగెత్తి వెళ్ళి, గుమ్మంలోనే టీచర్‌ను నిలేసింది. "చేతులు కడుక్కున్నారా?"

అందరూ కూర్చున్నారు. అమ్మమ్మ టీచర్ ముఖంలోకి తృప్తిగా చూసింది. "నువ్వు మా ఇంట్లో ఒకరి నోరు తెరిపించావు, ఇంకొకరి నోరు మూయించావు. ఇంతకంటే మాకేం కావాలి తల్లీ? మా వాడంటే నీకిష్టమైతే మాకందరికీ ఇష్టమే."

టీచర్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

"ఊహూఁ," అంది.

చెఫ్ ముఖం పాలిపోయింది. అక్క, అమ్మమ్మ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఉప్పే లేదు," అంది టీచర్.

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత అందరూ అతని జేబుల వైపు చూశారు. పాప వేస్తుందని అతను, మామయ్య వేస్తాడని పాప, ఇద్దరూ ఉప్పు సంగతే మరిచిపోయారు. ఇల్లంతా నవ్వులే. ఊహూఁ పాప స్టూలు దిగి, ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది.

"మామయ్యా, ఇప్పుడు చెయ్యి తియ్యి."

అతను చెయ్యి తీశాడు. లెక్కగా, ఒక్క చిటికెడు ఆమె గిన్నెలో వేశాడు. టీచర్ కలిపి, మళ్ళీ రుచి చూసింది. ఈసారి గిన్నె వైపు చూడలేదు, అతని వైపే చూసింది.

"ఊఁ."

"సూపుకా, మామయ్యకా?" అంది పాప.

"రెండింటికీ," అంది టీచర్, చెవుల దాకా ఎర్రబడిపోయి.

అమ్మమ్మ లేచి వచ్చి ఆమె తల నిమిరింది. చెఫ్ ఆనందం పట్టలేక కుర్చీలోంచి లేచాడు, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. అంతలో ఎవరో అతని మోచేతిని తట్టారు. ఊహూఁ పాప. దాని గిన్నె అడుగు దాకా ఖాళీగా ఉంది.

"మామయ్యా, నాకింకొంచెం."